గోడ మీది విలియం జేమ్స్ పటం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో మా తెలుగు పఠన మందిరం తలుపు తీయగానే ఎదురు గోడ మీద ఒక పటం కనిపిస్తుంది. నెరిసిన గడ్డం, విశాలమైన నుదురు, లోతైన కళ్ళు, కోటు వేసుకున్న విదేశీయుడు. పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే పెద్దలు, ప్లస్ టూ పిల్లలు, పర్లాకిమిడి నుంచీ గుణుపురం నుంచీ పెళ్ళిళ్ళకి వచ్చి ఇక్కడ ఓ గంట కూర్చునే చుట్టాలు, అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. నోటితో చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క మర్చిపోతున్నానని ఇలా రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళవచ్చు.

## మొదటిసారి చూసినవాళ్ళు అడిగేవి

ఈ గడ్డపాయన ఎవరండీ? ఠాగూరా, పాద్రీగారా?

ఇద్దరూ కాదు. ఈయన విలియం జేమ్స్. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించిన తొలితరం ఆచార్యుడు. 1842 జనవరి 11న న్యూయార్క్‌లో పుట్టారు. 1910 ఆగస్టు 26న న్యూ హాంప్‌షైర్‌లో చొకోరువా అనే పల్లెలో, తన వేసవి ఇంట్లో కన్నుమూశారు. కుర్రతనంలో చిత్రకళ నేర్చుకున్నారు, తర్వాత వైద్యం చదివి 1869లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నారు. రోగుల్ని చూసే వృత్తిలోకి మాత్రం వెళ్ళలేదు, పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. 1890లో వచ్చిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ' ఆయన పెద్ద పుస్తకం. రెండు సంపుటాలు, సుమారు 1,400 పేజీలు. రెండేళ్ళలో ఇస్తానని 1878లో ప్రచురణకర్తతో ఒప్పందం చేసుకుంటే పూర్తి కావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

నవలలు రాసిన జేమ్స్ ఈయనేనా?

కాదు. నవలాకారుడు హెన్రీ జేమ్స్ ఈయన తమ్ముడు, 1843లో పుట్టాడు.

ఈయనకీ బరంపురానికీ ఏమిటి సంబంధం? మన పెద్దల పటం పెట్టకుండా ఈయన్నెందుకు పెట్టారు?

జేమ్స్ మన దేశం ఎప్పుడూ రాలేదు. ఈ పటం మా ఊళ్ళో పాఠాలు చెప్పిన ఒక తెలుగు మాస్టారి పుస్తకాలతో పాటు వచ్చింది. ఆయన పోయాక కుటుంబంవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ రెండు ట్రంకు పెట్టెలు మాకిచ్చారు. అందులో తర్కశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం పుస్తకాల మధ్య, పాత పంచెలో చుట్టి ఈ పటం ఉంది. పుస్తకాల్లో చాలావాటికి మద్రాసు కొట్ల ముద్రలున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, అందుకని చదువూ పుస్తకాలూ అటు నుంచే వచ్చేవి.

మన పెద్దలు లేరనుకోకండి. ఈ ఊళ్ళోనే 1894లో పుట్టిన వి.వి. గిరి గారు, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి గారు పక్క గోడ మీద ఉన్నారు. వాళ్ళెవరని ఇక్కడ ఎవరూ అడగరు. అడిగేది ఈయన గురించే, అందుకే ఎదురుగా పెట్టాం. ఒక మాస్టారు తన గదిలో ఎవరి ముఖం చూస్తూ పాఠం తయారు చేసుకున్నారో తెలియడం ఈ ఊరి చదువు చరిత్రలో భాగమేనని నేను నమ్ముతాను.

'మొట్టమొదటి సైకాలజీ ప్రొఫెసర్' అని పటం కింద రాస్తే తప్పేముంది?

తప్పే. ఆ మాట రాసేముందు ఎవరికి, ఏ పేరుతో, ఏ సంవత్సరంలో ఉద్యోగం ఇచ్చారో చూడాలి. జేమ్స్ హార్వర్డ్‌లో 1876లో శరీరధర్మశాస్త్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యారు. 1880లో తత్వశాస్త్రానికి మారారు, 1885లో తత్వశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. ఆయన హోదాలోకి 'సైకాలజీ' అన్న మాట వచ్చింది 1889లో. 1897లో మళ్ళీ తత్వశాస్త్ర ప్రొఫెసర్‌గా పేరు మార్పించుకున్నారు. మనిషి అదే, గది అదే, హోదా పేరు మాత్రం ఇన్నిసార్లు మారింది. అప్పటికింకా ఈ శాస్త్రం ఏ ఇంటి బిడ్డో ఎవరికీ తేలలేదన్నమాట.

జేమ్స్ మెకీన్ కాటెల్ అనే మరో అమెరికన్‌కి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సైకాలజీ ప్రొఫెసర్ హోదా దాదాపు ఆ రోజుల్లోనే దక్కింది. మొదటివాడు కాటెలే అనేవాళ్ళు చాలామంది. ఇక జర్మనీలో లైప్జిగ్‌లో 1879లో ప్రయోగశాల పెట్టిన విల్‌హెల్మ్ వుంట్ అసలు తత్వశాస్త్ర పీఠం మీద కూర్చుని ఆ పని చేశారు. అందుకే మేము 'తొలితరం ఆచార్యుడు' అని రాశాం. ఆ మాట ఏ పోటీలోనూ ఓడిపోదు.

## పటాన్ని దగ్గరగా చూసినవాళ్ళు అడిగేవి

ఇది అసలు ఫోటోయేనా, అచ్చా?

అచ్చు. ఏదో పుస్తకంలోంచి తీసిన పేజీ. మాకూ మొదట్లో అర్థం కాలేదు. పెద్ద బజారులో పట్టు చీరల వ్యాపారం చేసే ఒక మిత్రుడు, చీరలో పోగులు లెక్కపెట్టడానికి జేబులో ఉంచుకునే చిన్న మడత భూతద్దం తీసి పటం మీద ఆనించి, 'మాస్టారూ, చూడండి, అంతా చుక్కలే' అన్నారు. నిజమే. గడ్డం దగ్గర నల్లచుక్కలు లావుగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నుదుటి దగ్గర సన్నబడి, విడివిడిగా ఉన్నాయి. కంటికి బూడిదరంగు ఛాయగా కనిపించేది ఆ చుక్కల సాంద్రతే. హాఫ్‌టోన్ అచ్చు అంటే ఇదే. 19వ శతాబ్దం చివర ఈ పద్ధతి వచ్చాకే పుస్తకాల్లో, పత్రికల్లో ఫోటోలు చవగ్గా అచ్చు వేయడం కుదిరింది.

అసలు ఫోటోకి భూతద్దం పెడితే చుక్కలుండవు, వెలుగూ నీడా తెగకుండా జారిపోతుంటాయి. గుడ్డు తెల్లసొన పూసిన పాతకాలం ఆల్బుమెన్ కాగితమైతే బొమ్మ కింద కాగితపు పీచు కనిపిస్తుంది, తెల్లని చోట్లు పసుపు తిరిగి ఉంటాయి. తర్వాత వచ్చిన జెలటిన్ కాగితానికి మధ్యలో తెల్లటి పూత ఉంటుంది కాబట్టి పీచు కనిపించదు. పాతబడ్డ జెలటిన్ ఫోటోని వెలుతురులో వాలుగా పట్టుకుంటే అంచుల్లో నల్లని చోట్ల వెండి మెరుపు దేలుతుంది. మీ ఇంట్లో పటాన్ని కూడా ఇలాగే చూడండి, భూతద్దం చాలు.

అచ్చు కదా అని తీసిపారేయకూడదు. మా మాస్టారు పుస్తకంలోంచి జాగ్రత్తగా తీసి పటం కట్టించుకున్న కాగితం అది.

కింద పేరే లేదు కదా, ఈయన జేమ్సేనని ఎలా తేల్చారు?

పేరు ఉండేది. పటం కట్టినవాళ్ళు కోసేశారు.

ట్రంకు పెట్టెలోంచి తీసినప్పుడు అద్దం లోపల బూజు పట్టి ఉంది. వెనక మేకులు లాగి, అట్ట తీసి చూస్తే కాగితాన్ని ప్లైవుడ్‌కి జిగురుతో అతికించేశారు. ఫ్రేము కొలతకి సరిపడేలా కింది అంచు కత్తిరించేశారు. ఎప్పటి షాపో, ఎవరు కట్టారో తెలుసుకుని చేసేదేమీ లేదు గానీ, అది చూసిన రోజు నాకు నిజంగా బాధేసింది. ఒక మనిషికి పేరు లేకుండా చేయడానికి అర అంగుళం కత్తిరింపు చాలు.

అయితే కత్తెర కొంచెం వంకరగా పోయింది. కుడి పక్క, కాగితం చివర, సిరాతో రాసినట్టున్న అక్షరాల పైసగం మిగిలింది. ఆ కాలం పుస్తకాల్లో రచయిత బొమ్మ కింద ఆయన సంతకాన్నే అచ్చు వేసేవారు. మొదటి అక్షరం ఇంగ్లీషు 'డబ్ల్యూ', పక్కన పొట్టిగా ఒక 'ఎం', తర్వాత పొడుగ్గా 'జే' తల. జేమ్స్ తన పేరులోని విలియంని డబ్ల్యూ, ఎం అన్న రెండక్షరాలకి కుదించి సంతకం చేసేవారు. ఆ తర్వాత హార్వర్డ్‌వాళ్ళు బయటపెట్టిన జేమ్స్ ఫోటోలతో చెవి ఆకారం, కనుబొమల మధ్య గీత, జుట్టు పాపిడి పోల్చి చూశాం. గడ్డాన్ని నమ్మి పోల్చకండి. గడ్డం మనిషి ఇష్టం, చెవి పుట్టుక.

ఏ సంవత్సరం తీసిన ఫోటో?

మా చీటీ మీద 'సుమారు 1895-1910' అని ఉంది. గడ్డం బాగా నెరిసింది కాబట్టి యాభై దాటాక తీసింది, 1910లో పోయారు కాబట్టి ఆ తర్వాతది కాదు. ఫోటో తీసిన ఏడాదీ పుస్తకంలో అచ్చు వేసిన ఏడాదీ వేరు. అచ్చు కాగితం పాతదనాన్ని చూసి ఫోటో తేదీ చెప్పకూడదు. 'సుమారు' అని రాయడం సిగ్గుపడే పని కాదు, ఊహించి ఒక్క సంవత్సరం రాసేయడమే సిగ్గుపడాల్సిన పని.

అంత గంభీరంగా ఉన్నాడేం? కోపిష్టి మనిషా?

కాదు, విద్యార్థులతో కలివిడిగా ఉండే మనిషి. ఆ ముఖం స్టూడియో ముఖం. 1860ల్లో తడి రసాయనం పూసిన గాజుపలక మీద ఫోటో తీసేటప్పుడు కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి, తల కదలకుండా వెనక ఇనుప ఊత కూడా పెట్టేవారు. నవ్వు అంతసేపు నిలవదు. 1880ల్లో పొడి పలకలు వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది గానీ గంభీరంగా కూర్చోవడం మర్యాద అన్న అలవాటు మిగిలిపోయింది. మన తాతల పెళ్ళి ఫోటోలు చూడండి, అక్కడా ఎవరూ నవ్వరు.

జేమ్స్ సరదా తెలియాలంటే 1903లో చొకోరువాలో స్నేహితుడు జొసయా రాయిస్‌తో రాతిగోడ మీద కూర్చుని దిగిన ఫోటో కథ వినాలి. కెమెరా జేమ్స్ కూతురి చేతిలో ఉంది. రాయిస్ జీవితమంతా 'పరమసత్త' ఒకటుందని వాదించిన తత్వవేత్త. కూతురు మీట నొక్కబోతుంటే జేమ్స్, ఫోటో తీస్తున్నారు జాగ్రత్త అని రాయిస్‌ని హెచ్చరించి, ఆ పరమసత్తని ఒక్క తిట్టు తిట్టారు.

ఆయన కుర్రతనం ఫోటోలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. అన్నిటికన్నా చూడదగ్గది 1865లో బ్రెజిల్‌లో తీసింది. అప్పటికాయనకి 23 ఏళ్ళు. ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ బృందంతో చేపల నమూనాలు సేకరించడానికి వెళ్ళారు. అక్కడ మశూచి రకం జబ్బు, తీవ్రత తక్కువది, సోకింది. మన పెద్దవాళ్ళ మాటలో అమ్మవారు పోసింది. కొన్నాళ్ళు కళ్ళు వెలుతురు భరించలేకపోయాయి. ఆ ఫోటోలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉంటారు. ప్లస్ టూ కుర్రాళ్ళకి అది చూపిస్తే వెంటనే ఇష్టపడతారు, ఆ కళ్ళద్దాలు ఎందుకో చెప్పాక ఇంకోసారి చూస్తారు.

మా పాఠ్యపుస్తకంలో వేరే బొమ్మ ఉంది, పరికరాల చుట్టూ నలుగురైదుగురు. అందులో ఉన్నది ఈయనేనా?

కాదు, ఆ ఫోటోలో మధ్యనున్నది విల్‌హెల్మ్ వుంట్ (1832-1920). చుట్టూ ఆయన సహాయకులు. పుస్తకాల్లో రెండు గడ్డాలూ పక్కపక్క పేజీల్లో రావడంతో పిల్లలు కలిపేసుకుంటున్నారు. వుంట్ జర్మన్, ఊరు లైప్జిగ్. జేమ్స్ అమెరికన్, ఊరు కేంబ్రిడ్జి, అంటే హార్వర్డ్ ఉన్న ఊరు, ఇంగ్లండులోది కాదు.

ఫ్రాయిడ్‌తో కలిసి దిగిన ఫోటో ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1909 సెప్టెంబరులో క్లార్క్ విశ్వవిద్యాలయం ఇరవయ్యేళ్ళ ఉత్సవానికి, మనోవిశ్లేషణకి పేరుపడ్డ ఐరోపా వైద్యులు ఫ్రాయిడ్, యూంగ్ అమెరికా వెళ్ళారు. అప్పుడు తీసిన గ్రూపు ఫోటోలో ముందు వరుసలో ఎడమ నుంచి మూడో మనిషి జేమ్స్. అదే వరుసలో కొంచెం అవతల, మధ్యలో స్టాన్లీ హాల్, ఆయన పక్కన ఫ్రాయిడ్, తర్వాత యూంగ్. జేమ్స్ దగ్గర చదువుకుని 1878లో డాక్టరేట్ తీసుకున్న శిష్యుడే స్టాన్లీ హాల్. ఆ ఫోటో తీసిన ఏడాది లోపే జేమ్స్ పోయారు. వరుసల వారీగా పేర్లు రాసి ఉంచారు కాబట్టే నేను ఇంత ధైర్యంగా మూడో మనిషి అని చెప్పగలుగుతున్నాను.

## ఆయన పని గురించి విద్యార్థులు అడిగేవి

పరీక్షకి జేమ్స్ గురించి ముఖ్యంగా ఏం గుర్తుపెట్టుకోవాలి?

మనసు ఏ ముక్కలతో తయారైందని కాదు, అది మనిషికి ఏం పనికొస్తోందని అడిగారు. దాన్నే కార్యవాదం అంటారు. 1875లో హార్వర్డ్‌లో చిన్న ప్రదర్శన ప్రయోగశాల పెట్టారు. పరిశోధన కోసం నడిచిన తొలి ప్రయోగశాలగా మాత్రం 1879 నాటి వుంట్ ప్రయోగశాలనే చెబుతారు. రెండు తేదీలూ తారుమారు చేయకండి.

ఉద్వేగాల సిద్ధాంతం 1884లో రాశారు. డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగే విడిగా అదే మాట 1885లో చెప్పడంతో జేమ్స్-లాంగే సిద్ధాంతం అయింది. గోపాల్‌పూర్ ఒడ్డున మోకాళ్ళ లోతులో నిలబడ్డారనుకోండి. పెద్ద అల ఒకటి లేచింది. భయం వేసింది కాబట్టి గుండె దడదడలాడిందని మనం అనుకుంటాం. జేమ్స్ దాన్ని తిరగేశారు. అలని చూడగానే గుండె దడదడలాడింది, కాళ్ళు వెనక్కి పడ్డాయి, ఒంట్లో జరిగిన ఆ మార్పు మనకి తెలియడమే భయం అన్నారు. తర్వాతివాళ్ళు దీన్ని చాలా ఖండించారు. ఖండన కూడా రాయండి.

'చైతన్య స్రవంతి' అన్నది ఈయన మాటేనా?

తెలుగు మాట మన విమర్శకులది, దాని వెనకున్న ఊహ ఈయనది. 1890 పుస్తకంలో ఆలోచనని గొలుసుతోనో బండి పెట్టెలతోనో కాక నదితో పోల్చారు. ఒక తలపు ఆగి మరోటి మొదలవదు, పారుతుంటుంది అన్నారు. తర్వాత నవలా విమర్శకులు ఆ మాట తీసుకున్నారు. నవల చదివేవాళ్ళు మా గోడ దగ్గర ఆగి, 'ఇది కథల మాట అనుకున్నామే' అంటుంటారు.

ఈ పాతకాలం ఫోటోల్లో అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు ఈ శాస్త్రం చదవలేదా?

చదివారు. ఫోటోలోకి రానివ్వలేదు. ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఆమె అడిగాకే నేను సిగ్గుపడి వెతికాను.

మేరీ విటన్ కాల్కిన్స్ (1863-1930) వెల్స్‌లీ కాలేజీలో పాఠాలు చెబుతూ సైకాలజీ నేర్చుకోవాలని 1890లో హార్వర్డ్‌కి వెళ్ళారు. ఆడవాళ్ళని చేర్చుకునేది లేదన్నారు. చివరికి విద్యార్థిగా కాదు, అతిథిగా మాత్రమే కూర్చోనిచ్చారు. జేమ్స్ తరగతిలో మిగతా విద్యార్థులు మొదటి వారాల్లోనే మానేశారు. జేమ్స్, కాల్కిన్స్ ఇద్దరే మిగిలారు. గ్రంథాలయంలో చలిమంటకి చెరోవైపు కూర్చుని, అప్పుడే అచ్చయి వచ్చిన ఆ పెద్ద పుస్తకాన్ని దాని రచయిత దగ్గరే చదువుకున్నారు. మరుసటి ఏడాది వెల్స్‌లీలో తనే ప్రయోగశాల పెట్టారు. 1895లో హార్వర్డ్ ఆచార్యులు ఆమెని పరీక్షించి, డాక్టరేట్‌కి అన్నివిధాలా తగినవారన్నారు. విశ్వవిద్యాలయం ఆడమనిషని ఇవ్వలేదు. తర్వాత ఆడవాళ్ళ కాలేజీ అయిన రాడ్‌క్లిఫ్ పేరు మీద పట్టా ఇస్తామంటే ఆమె వద్దన్నారు. చదివింది హార్వర్డ్‌లో అయితే పట్టా మరోచోటిది ఎందుకు తీసుకోవాలి? 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షురాలయ్యారు, ఆ పదవిలో తొలి మహిళ. పట్టా మాత్రం చనిపోయేదాకా ఇవ్వలేదు.

వివేకానందుడు ఈయన్ని కలిశారా?

కలిశారు. 1896 మార్చి 25న వివేకానందులు హార్వర్డ్‌లో వేదాంతం మీద మాట్లాడారు. జేమ్స్ మతానుభవాల మీద ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో పుస్తకంగా వచ్చాయి, అందులో వివేకానందుల రాతల్ని ఉదహరించారు. ఇంతకన్నా పెద్ద కథలు చాలా వినిపిస్తాయి. పటం పక్కన చీటీ మీద ఈ రెండే రాశాం.

మన దేశంలో సైకాలజీ ఎప్పుడు మొదలైంది?

కలకత్తా విశ్వవిద్యాలయంలో, 1916లో. దాన్ని నడిపిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివి వచ్చారు. ఆ మున్‌స్టర్‌బర్గ్‌ని జర్మనీ నుంచి పిలిపించి 1892లో తన ప్రయోగశాల అప్పగించింది జేమ్సే. కాబట్టి మా గోడ మీది మనిషికీ హౌరా మెయిలెక్కి కలకత్తా వెళ్ళి చదువుకున్న గంజాం పిల్లలకీ మధ్య ఉన్నది రెండే మెట్లు. 1924లో మైసూరులో రెండో విభాగం వచ్చింది. దాన్ని పెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త స్పియర్‌మన్ శిష్యులు. 1935లో తన ఇంట్లోంచే రేడియో ప్రసారాలు మొదలుపెట్టి 'ఆకాశవాణి' అన్న పేరు వాడింది కూడా ఆయనే. మనకి దగ్గర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో కె. రామకృష్ణారావు గారు విభాగం నెలకొల్పారు.

## మీ ఇంట్లో పాత పటాలు ఉంటే

ఫోటో వెనక పేర్లు రాయమంటారు. ఏ పెన్నుతో రాయాలి?

పెన్ను వద్దు, మెత్తటి పెన్సిలు. బాల్ పెన్ను నొక్కితే ముందువైపు ముఖం మీద గీత తేలుతుంది, సిరా తేమకి పాకుతుంది. ఫోటోని బోర్లించి, శుభ్రమైన గట్టి అట్ట మీద పెట్టి, అంచు దగ్గర, ముఖాల వెనక కాకుండా, తేలిగ్గా రాయండి. ఎవరు, ఎక్కడ, సుమారు ఎప్పుడు, ఈ మాట ఎవరు చెప్పారు. చివరిది అందరూ వదిలేస్తారు. 'చిన్నత్త చెప్పింది' అని రెండు ముక్కలు రాస్తే తర్వాతి వాళ్ళకి ఎంత నమ్మాలో తెలుస్తుంది. 'నాన్నగారు' అని మాత్రం రాయకండి. నలభై ఏళ్ళ తర్వాత ఎవరి నాన్నగారో ఎవరికి తెలుస్తుంది? ప్లాస్టిక్ కాగితం మీది ఈకాలం ఫోటోల మీద పెన్సిలు పడదు, వాటికి కవరు మీద రాయండి.

తుపానులో తడిసిపోయిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పీకొచ్చా?

పీకకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా గది పైకప్పు రేకు లేచిపోయింది. మూడు ఆల్బములు తడిశాయి. తొందరపడి మేము మొదటి ఆల్బము చేత్తో విడదీశాం. ఒక గ్రూపు ఫోటోలో నలుగురి ముఖాలు పక్క ఫోటో వీపుకి అతుక్కుని వచ్చేశాయి. ఆ ముఖాలు ఇక లేవు.

తడిగా ఉండగానే శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచితే జెలటిన్ ఫోటోలు చాలావరకు వాటంతటవే విడివడతాయి. బొమ్మ పైకి ఉండేలా బ్లాటింగ్ కాగితం మీదో, ఉతికిన నూలుగుడ్డ మీదో పరచి నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే చుట్టలు చుట్టుకుపోతాయి. అదే రోజు కుదరకపోతే మధ్యమధ్య మైనపు కాగితం పెట్టి, కవరులో చుట్టి ఫ్రీజరులో పెట్టేయండి, తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. ఇళ్ళల్లో ప్రింటరు మీద తీసిన బొమ్మల్ని, సిరాతో రాసినవాటిని మాత్రం నీళ్ళలో ముంచకండి.

లామినేషన్ చేయిస్తే వందేళ్ళు ఉంటుందంటున్నారు కదా?

వద్దు. వేడికి ఫోటో పొర పాడవుతుంది, ఆ ప్లాస్టిక్‌ని మళ్ళీ తీయలేరు. సెల్లోటేపు, జిగురు, కలరా ఉండలు కూడా వద్దు. పటం కట్టించేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య అట్ట చట్రం పెట్టమనండి, మన సముద్రపు గాలికి అద్దానికి అంటుకుంటే ఊడి రాదు. అంచులు కోయొద్దని రెండుసార్లు చెప్పండి, వీలైతే అక్కడే నిలబడి చేయించుకోండి.

ఫోనులో యాప్ పెడితే రంగులొచ్చి ముఖం స్పష్టంగా వస్తోంది. అదే ఉంచుకోవచ్చా?

చూసుకోవడానికి ఉంచుకోండి, అసలు స్కాన్‌ని మాత్రం చెరపకండి. ఆ యాప్ మసకగా ఉన్న చోట కన్నూ ముక్కూ ఊహించి గీస్తుంది. మా జేమ్స్ పటాన్నే ఒక కుర్రాడు అలా చేసి చూపించాడు. అచ్చు చుక్కల్ని చర్మం మీద మచ్చలనుకుని నునుపు చేసింది, సంతకం ముక్కని చెరిపేసింది. అది ఎవరి ముఖమో నాకు తెలియదు. పంపేటప్పుడు 'రంగులు తర్వాత వేసినవి' అని రాయండి.

స్కాన్ ఎంతలో చేయించాలి?

మామూలు సైజు ఫోటోకి 600 డీపీఐ (అంటే అంగుళానికి 600 చుక్కలు), అరచేతిలో పట్టేంత చిన్నదైతే 1200. టిఫ్ ఫైలుగా దాచుకుని, పంపుకోవడానికి జేపెగ్ చేసుకోండి. వెనక వైపు కూడా స్కాన్ చేయండి, ఖాళీగా ఉన్నా సరే.

పాత ఫోటోని పత్రికలో వేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

మన దేశంలో 2012 సవరణ తర్వాత ఫోటో హక్కు తీసిన మనిషి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. ఫోటో మన ఇంట్లో ఉన్నంత మాత్రాన హక్కు మనదైపోదు. మామూలుగా అది ఫోటోగ్రాఫరుది, డబ్బిచ్చి తీయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న మనిషిది. అమెరికాలో అచ్చయి 95 ఏళ్ళు దాటినవి అందరివీ, కాబట్టి జేమ్స్ బతికుండగా అచ్చయిన ఫోటోలకి ఇబ్బంది లేదు. జేమ్స్ కాగితాలు హార్వర్డ్‌లోని హౌటన్ గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడి నుంచి తీసుకున్న బొమ్మ అయితే ఆ పేరు కింద వేయడం మర్యాద.

పటం కింద చీటీ తెలుగులోనూ ఒడియాలోనూ ఎందుకు? తెలుగు మందిరం కదా?

మా వీధుల్లో పిల్లలు ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు, చదివేది ఒడియా లిపి. తెలుగులో మాత్రమే రాస్తే మా మనవలే చదవలేరు. చీటీ పక్కింటి ఒడియా మాస్టారు రాసిపెట్టారు. వాళ్ళ మాట 'మనోవిజ్ఞాన', మనం 'మనస్తత్వ శాస్త్రం' అంటాం. రెండూ పక్కపక్కన చూసి పిల్లలు రెండూ నేర్చుకుంటున్నారు.

మా తాతగారు కాలేజీలో చెప్పేవారు. ఆయన గ్రూపు ఫోటో ఉంది, తీసుకొస్తే చూస్తారా?

తప్పకుండా తీసుకురండి. ఫ్రేములోంచి మీరు తీయకండి, మేకులు మేం లాగుతాం. న్యూస్‌పేపరులో చుట్టకుండా ఉతికిన పాత నూలుచీరలో చుట్టండి. కిందటి వేసవిలో ఛత్రపురం నుంచి ఒక అబ్బాయి ఫోటో ఒక్కటే తెచ్చాడు. ఇరవై ఆరు మంది ఉన్నారు, ఒక్క పేరు చెప్పగలిగాడు. మళ్ళీ వారం వాళ్ళ మామ్మగారిని తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, వేలు తాకించకుండా ఒక్కొక్క ముఖం మీదుగా జరుపుతూ పదకొండు పేర్లు చెప్పారు. ఇద్దరి ఇంటిపేర్లూ, ఒకాయన నత్తి కూడా చెప్పారు. కాబట్టి ఇంట్లో పేర్లు తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళని ముందు తీసుకురండి, ఫోటో తర్వాతైనా తేవచ్చు. మెట్లు ఎక్కలేకపోతే చెప్పండి, పెన్సిలూ భూతద్దం పట్టుకుని మేమే ఇంటికి వస్తాం.